చంపబోయిన ఇంట్లో టీ

ఖిదిర్‌పూర్ క్వార్టర్స్‌లో మా పక్కింటి కుర్రాడు సైన్యం నుంచి సగం కాలిన మొహంతో తిరిగొచ్చాడు. ఎవరు పలకరించినా ఆ చెంపను గోడవైపు తిప్పుకునేవాడు. సరిహద్దులో ట్రక్కు అంటుకున్నప్పుడు తోటి సిపాయి బయటికి దూకేయడం చూశాక వాడికి స్పృహ తప్పింది. తనను వదిలేసి పారిపోయాడనే కక్ష మాత్రం మిగిలింది. ఆ సిపాయి ఇల్లు బడ్జ్ బడ్జ్‌లో ఉందని తెలిసిన రోజు మొలలో కత్తి దోపుకుని బయల్దేరాడు. నేను ఆపినా ఆగలేదు.

సాయంత్రం వచ్చి మా గుమ్మంలో కూలబడ్డాడు.

"ఏటైందిరా?" అన్నాను.

"ఆడు మోసేత్తో తలుపు తీసాడక్కా. రెండు సేతులూ నేవు. దూకినోడు మళ్లీ ఎనక్కొచ్చి, నన్ను మంటల్లోంచి లాగాడట."

సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

"నన్ను సూసి ఏడ్సాడు. కూకోమన్నాడు. ఆళ్లమ్మ టీ ఎట్టింది. నా మొలలో కత్తి అలాగే ఉంది. ఆడు నా సేత్తోనే టీ తాగాడక్కా."