అవార్డుల కమిటీలో ఐదో కుర్చీ

దోహాలోని కాలేజీల్లో విద్యార్థుల ఆర్థిక సాయం చూసే ఉద్యోగులకు ఒక సంఘం ఉంది. దానికి నేను నాలుగేళ్లు కార్యదర్శిగా పనిచేశాను. కావాలని పోటీ చేసి గెలవలేదు. ఒక శనివారం మా పాపకు జ్వరం వస్తే సర్వసభ్య సమావేశానికి వెళ్ళలేదు, అంతే. రాని వాళ్ళకు పదవులు అంటగట్టడం ఆ సంఘం ఆనవాయితీ అని ఆదివారం ఉదయం మెయిల్ తెరిచాక తెలిసింది.

మా ఉద్యోగం సంగతి పాలకొల్లులో మా వాళ్ళకు ఇప్పటికీ సరిగ్గా అర్థం కాదు. ఫీజు కట్టలేని పిల్లలు దరఖాస్తు పెట్టుకుంటారు. తండ్రి జీతం సర్టిఫికెట్, ఇంటి అద్దె ఒప్పందం, ఇలా ఏడు కాగితాలు అడుగుతాం. ఆరు తెస్తే ఏడోది ఏదని అడుగుతాం. అన్నీ ఉంటే సాయం చేస్తాం.

సంఘానికి మాత్రం ఏడాది పొడుగునా పనే. వర్షాలు లేని దేశంలో మాకు ఋతువులు ఆ పనుల వల్లే తెలిసేవి. ఎండలు తగ్గగానే నిబంధనావళి సవరణలు, చలి మొదలవగానే నామినేషన్లు, కొత్త సంవత్సరంలో ఎన్నికలు, మళ్ళీ ఎండలు ముదిరేలోపు అవార్డులు. ఎన్నికలంటే పోటీ ఉంటుందని కాదు. ఆరు పదవులకు ఆరుగురే నిలబడేవారు. అయినా ఆన్‌లైన్‌లో రహస్య ఓటింగ్ పెట్టేవాళ్ళం. ఒకసారి అధ్యక్షుడికి వ్యతిరేకంగా ఒక ఓటు పడింది. అది ఎవరిదో కనిపెట్టడానికి ఆయన వేసవి దాకా ప్రయత్నించాడు. ఆ ఓటు నాదే. కళ్ళద్దాలు లేకుండా ఫోన్‌లో పక్క గడి నొక్కాను. పొరపాటు జరిగిందని చెప్పే ధైర్యం నాకు ఇంతవరకూ రాలేదు.

అధ్యక్షుడిది గుడివాడ దగ్గర పల్లెటూరు. వేరే కాలేజీలో మాలాంటి విభాగానికే మేనేజరు. శుక్రవారాలు మెసైమీర్‌లో ఆరాధనకు మేమిద్దరం ఒకే చర్చికి వెళ్తాం. సమావేశాల్లో నన్ను మేడం అనేవాడు, చర్చిలో సిస్టర్ అనేవాడు. ఆరాధన అయ్యాక కార్ల దగ్గర "వందనాలు సిస్టర్" అన్న మరుక్షణం సంఘం పని మొదలుపెట్టేవాడు. సంఘం తీసుకున్న పెద్ద నిర్ణయాలు చాలావరకు ఆ పార్కింగ్‌లోనే జరిగాయి. మినిట్స్‌లో మాత్రం చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించినట్టు ఉంటుంది.

మా ఆఫీసు కౌంటర్‌లో ఒకాయన కూర్చునేవాడు. జగిత్యాల దగ్గర ఊరు, వయసు నలభై ఎనిమిది. కాంట్రాక్టు కంపెనీ తరఫున మా కాలేజీకి వచ్చిన అసిస్టెంటు. మొదట సైటులో హెల్పరుగా వచ్చి, క్యాంప్ ఆఫీసులో హాజరు రాసే పనికి మారి, చివరికి మా దగ్గర తేలాడు. ఫారాల ఇంగ్లీషు ఆయనకు నాకంటే బాగా వచ్చు. మా దగ్గరికి వచ్చే తండ్రుల్లో డ్రైవర్లు, ఏసీ మెకానిక్కులు, చిన్న దుకాణాల్లో గుమాస్తాలు ఉంటారు. ఒకసారి అల్ అజీజియా నుంచి ఒక డ్రైవరు వచ్చాడు. కంపెనీ తనకు జీతం సర్టిఫికెట్ ఇవ్వడం లేదని చెప్పాడు. కాగితం లేకుంటే ఏమీ చెయ్యలేమని నేను మర్యాదగానే చెప్పి లోపలికి వెళ్ళిపోయాను. మా కౌంటర్ ఆయన మాత్రం భోజనం మానేసి ఆ డ్రైవరు వెంట కంపెనీ ఆఫీసుకు వెళ్ళి, సంతకం పెట్టే మనిషి ఎదురుగా కూర్చున్నాడట. మూడింటికి కాగితం నా టేబుల్ మీద పెట్టాడు.

"యల్లా" అన్నాడు, ఇక పదండన్నట్టు అరబ్బీలో. "అయిపోయింది మేడం."

"ఎలా ఇచ్చారండీ?"

"ఏం జెయ్యలె. లేస్త అనలె, గంతే."

అలాంటివి ఏడాదికి ఎన్నో. ఉత్తమ సేవ అవార్డుకు ఆయన పేరు పంపాలని ఆ రోజే అనుకున్నాను. అసలు మా అవార్డులకు నామినేషన్లే వచ్చేవి కావు. గడువు మూడుసార్లు పొడిగించి, నాలుగోసారి మాలో మేమే ఒకరి పేరు ఒకరం రాసుకునేవాళ్ళం.

అధ్యక్షుడు శ్రద్ధగా విన్నాడు. "మంచి ఆలోచన సిస్టర్. కాకపోతే ఆయన మన మెంబరు కాదు కదా."

"చేర్చుకుంటే సరిపోతుంది కదా అన్నయ్యగారూ."

"కాలేజీ ఉద్యోగి అయితేనే మెంబరు. ఆయన కంపెనీ మనిషి. బైలాస్ మార్చాలి. మార్చాలంటే సగం మంది రావాలి. మనోళ్ళు ఎప్పుడొచ్చారమ్మా?"

ఆ చిక్కును ఆయనే విప్పాడు. సమావేశం తర్వాత బిర్యానీ ఉంటుందని మెయిల్‌లో ఒక వాక్యం కలిపాడు. సగం కాదు, ముప్పాతిక మంది వచ్చారు. కొత్త సభ్యులను "అసోసియేట్" అనాలా "అఫిలియేట్" అనాలా అన్నదాని మీద గంటన్నర చర్చ జరిగింది. రెంటికీ తేడా ఏమిటని ఒకావిడ అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. అయినా ఓటింగ్ పెట్టి అసోసియేట్‌ను గెలిపించాం. నేను లేచి చప్పట్లు కొడుతుండగా మా సంఘంలో అందరికంటే పెద్దాయన, ఈజిప్టు వాడు, చేతిలోని నిబంధనావళి తిరగేసి ఇంకో వాక్యం చదివి వినిపించాడు. అవార్డు పొందాలంటే ఏడాది సభ్యత్వం నిండాలి.

సోమవారం మా కౌంటర్ ఆయనకు ఈ కథంతా చెప్పాను. అవార్డు అనగానే చేతిలోని ఫైలు వైపు చూశాడు.

"నాకెందుకు మేడం గదంత? మెంబరయితె ఓటుంటదా?"

"ఉంటుంది."

"గట్లయితె అయిత."

సభ్యత్వానికి ఆయన కంపెనీ నుంచి అభ్యంతరం లేదని లేఖ కావాలి. రెండు నెలలు పడుతుందనుకున్నాను. మూడో రోజు తెచ్చాడు. ఎన్నికల రోజు ఫోన్‌లో ఓటు వేసి ఇంటికి ఫోన్ చేశాడట. "మా ఇంటామె నవ్వుతున్నది మేడం. ఊర్లె ఓట్లకు ఒక్కసారి రాకపోతివి, దుబాయ్‌ల నీకు ఓటెవలిచ్చిన్రని." మేం ఉన్నది ఖతార్ అని ఆమెకు చెప్పడం ఆయన ఎప్పుడో మానేశాడు.

ఏడాది గడిచింది. ఆయన గురించి రెండు పేజీలు రాసి సంచిలో పెట్టుకుని ఆ చలికాలపు సమావేశానికి వెళ్ళాను. అజెండాలో మొదటి అంశం అవార్డుల కమిటీ. ఐదుగురు ఉండాలి, నలుగురే దొరికారు. "ఇంకొక్కరు ముందుకు రండి" అని అధ్యక్షుడు అడిగాడు. అందరూ ఫోన్లలోకి తలలు వంచారు. మళ్ళీ అడిగాడు. ఈసారి మైకు పక్కన పెట్టి, బతిమాలుతున్నట్టు అడిగాడు. వెనక వరసలోంచి ఒక చెయ్యి లేచింది.

"నేను జేస్త సార్."

హాలంతా చప్పట్లు. ముందు వరసలోంచి నేను తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాను. ఆయన దాన్ని అభినందన అనుకుని చిరునవ్వు నవ్వాడు. కమిటీలో ఉన్నవాళ్ళు అవార్డుకు అనర్హులు. ఆ వాక్యం నిబంధనావళిలో చేర్చింది నేనే.

బయటికి వచ్చాక పట్టుకున్నాను. "చెయ్యి ఎందుకెత్తారండీ? మీ పేరు ఇద్దామని ఏడాది నుంచి చూస్తున్నాను."

"అందరు కిందికి సూస్తున్నరు మేడం. పాపం సార్ అడుగుతనే ఉన్నడు. మంచిగనిపియ్యలె."

కమిటీ మొదటి సమావేశం మా కాలేజీలోనే జరిగింది. కార్యదర్శిని కాబట్టి నేనూ కూర్చున్నాను. జీవితకాల సేవా అవార్డుకు ఒకే ఒక్క నామినేషన్ వచ్చింది. అది అధ్యక్షుడిదే. కింద సంతకం ఆయన దగ్గర పనిచేసే మనిషిది. వాక్యాలు మాత్రం అధ్యక్షుడివే, ఇన్నేళ్లుగా ఆయన మెయిళ్ళు చదువుతున్నదాన్ని, నాకు తెలియదా? తక్కిన నలుగురూ చదవకుండానే సంతకాలు పెట్టేశారు. ఐదో కుర్చీలో కూర్చున్న మా కౌంటర్ ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. మా సంఘంలో ఒక నామినేషన్‌ను చివరిదాకా చదివిన మొదటి మనిషి ఆయనే అనుకుంటాను.

"మేడం, ఇరువై ఏండ్ల సర్వీసని రాసిన్రు. సర్టిఫికెట్లు పదకొండేండ్లకే ఉన్నయి."

"ఆయన సంగతి అందరికీ తెలిసిందే కదండీ."

"తెలుసు. పోరగాండ్లకు గట్లనే ఇడిచిపెడ్తమా మనం?"

నేను ఈ మాట తక్కినవాళ్ళకు ఇంగ్లీషులో చెప్పాను. పెట్టిన సంతకాల వైపు ఒకరిద్దరు దిగులుగా చూసుకున్నారు. ఫలితం వాయిదా పడింది. ఆ కబురు అధ్యక్షుడికి చెప్పే బాధ్యత కార్యదర్శిది.

"నా సర్వీసుకు ప్రూఫా?" ఫోన్‌లో ఆయన గొంతు మారిపోయింది. "ఆ ఫారం తయారుచేసిందే నేను సిస్టర్!"

"అవునండీ. మూడో పేజీలో సర్టిఫికెట్లు జతచేయాలని మీరే పెట్టారు."

ఆ శుక్రవారం చర్చి దగ్గర నాకు వందనాలు చెప్పలేదు. ఆ తర్వాతి శుక్రవారమూ లేదు. మూడో వారంలో ఒక మధ్యాహ్నం మా ఆఫీసుకు వచ్చాడు. నా గదిలోకి రాకుండా కౌంటర్ ముందు, తండ్రులు కూర్చునే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. తలుపు తెరిచే ఉంది, మాటలన్నీ వినబడుతున్నాయి. ఆయన మొదట పనిచేసిన సంస్థ మూతపడిందట. పాత రికార్డులు వేరే ఆఫీసుకు వెళ్ళాయట.

"రేపు రమ్మంటారు. వెళ్తే ఎల్లుండి అంటారు. సంతకం పెట్టే అతను లీవులో ఉన్నాడంటారు. నన్ను! నేనెవరో తెలియదా వాళ్ళకి?"

"తెల్వది సార్" అన్నాడు మా కౌంటర్ ఆయన. "గందుకే కాయితం."

అందులో వెటకారమేమీ లేదు. ఒక సమాచారం చెప్పినట్టు చెప్పాడు. అధ్యక్షుడు జేబులోంచి కారు తాళాలు తీశాడు. తర్వాత ఇద్దరూ లేచి ఆయన కారులోనే వెళ్ళారు. మర్నాడు కూడా వెళ్ళారు. మూడో రోజు ముద్ర ఉన్న సర్టిఫికెట్ వచ్చింది. ఐదో సంతకం పడింది.

అల్ తుమామాలో ఒక హోటల్ హాల్లో శనివారం మధ్యాహ్నం అవార్డుల సభ పెట్టాం. అధ్యక్షుడు ఇరవై ఐదు నిమిషాలు మాట్లాడాడు. దేవుడికి, భార్యకు, పాత అధ్యక్షులకు, చివరికి హాలు వాళ్ళకు కూడా కృతజ్ఞతలు చెప్పాడు. తనతో రెండు రోజులు తిరిగిన మనిషి ఊసెత్తలేదు. చివర్లో చప్పట్లకు నేను చేతులు కలపలేదు. పక్కకు తిరిగి చూస్తే ఆ మనిషి నిమ్మళంగా తింటున్నాడు.

"మటన్ మంచిగున్నది మేడం, జెర ఏసుకోండ్రి."

ఆ తర్వాత అధ్యక్షుడి కాలేజీలో పిల్లలను అడిగే కాగితాల్లో రెండు తగ్గాయని విన్నాను. ఎందుకు తగ్గించారో ఆయన ఎవరికీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

మరుసటి ఎన్నికల్లో కార్యదర్శి పదవికి మా కౌంటర్ ఆయన పేరు ఎవరో ప్రతిపాదించారు. ఆ పదవి వదిలించుకోవాలని నాలుగేళ్లుగా ప్రతి సమావేశంలోనూ అడుగుతూ వచ్చినదాన్ని, నాకు సంతోషం కలగాలి. కలగలేదు. నన్ను ఇంకొక్క ఏడాది ఉండమని ఎవరైనా అడుగుతారేమోనని ఆ హాల్లో కాసేపు ఎదురుచూశాను. ఎవరూ అడగలేదు. పైగా ఆయన రాసిన మొదటి మినిట్స్ సమావేశం జరిగిన మర్నాడే వచ్చేసరికి సభ్యులు ఆశ్చర్యపోయి మెచ్చుకుంటూ జవాబులు రాశారు. నా మినిట్స్‌కు ఎవరూ ఎప్పుడూ జవాబు రాయలేదు. ఆ జవాబులన్నీ చదివాను, రెండుసార్లు.

బాధ్యతలు అప్పగించే రోజు ఆయన నా టేబుల్ దగ్గరికి కుర్చీ లాక్కుని, పాత ఫైళ్ళు ఒక్కొక్కటే చూశాడు. నాలుగేళ్ల మినిట్స్‌లో మూడు సమావేశాలవి లేవు. తర్వాత రాద్దామని వదిలేసినవి. ఆయన ల్యాప్‌టాప్ తెరిచాడు.

"గీ రోజు ఏం మాట్లాడిన్రు మేడం?"

చాలాసేపు ఆలోచించాను. బిస్కెట్లు మెత్తబడ్డాయని ఎవరో అన్నది తప్ప ఏదీ తట్టలేదు.

"గుర్తులేదండీ."

"మరి గట్లనే రాస్త" అని టైప్ చేయడం మొదలుపెట్టాడు. వద్దని చెప్పబోయి ఊరుకున్నాను. అప్పటి కార్యదర్శికి గుర్తులేదు అన్న వాక్యం మా సంఘం రికార్డుల్లో మూడు చోట్ల ఉంది. సర్వసభ్య సమావేశం దాన్ని చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించింది. ఆ ఓటింగ్‌లో నేనూ చెయ్యెత్తాను.