మునెమ్మ బావి, సరోజమ్మ మేడం

నిన్న మధ్యాహ్నం తిరుపతి కోర్టు క్యాంటీన్‌లో ఎవరో పక్క బల్ల మీద మజ్జిగ గ్లాసు పెట్టారు. కరివేపాకు, అల్లం, కాస్త ఇంగువ. ఆ వాసన తగలగానే చేతిలోని ఫైలు మూసేశాను. నాకు వకీలు పని నేర్పిన సరోజమ్మ మేడం చిత్తూరు కోర్టుకు రోజూ అలాంటి మజ్జిగే ఫ్లాస్కులో తెచ్చేవారు. తనకొక గ్లాసు, నాకొకటి, మూడోది ఆ రోజు మాకు ఎదురు వాదించే లాయరుకు. పొట్టి మనిషి, పెద్ద నవ్వు. ఆవిడ నవ్వితే వరండా చివరనున్న బంట్రోతు కూడా కారణం తెలియకుండానే నవ్వేవాడు.

నేను ఆవిడ దగ్గర చేరిన మొదటి ఏడాది, పలమనేరు దగ్గరి పల్లె నుంచి మునెమ్మ అనే రైతు వచ్చింది. చెరువులు నింపడానికి సర్కారు తవ్వుతున్న కాలువ సరిగ్గా ఆమె బావి మీదుగా పోతోంది. నోటీసులో మాత్రం ఆ నేల బీడని రాశారు, బావి ఊసే లేదు. ఆమె టమాటా తోటకూ, రెండు ఆవులకూ ఆ బావే ఆధారం. నేను రెండు రోజులు కూర్చుని, కాలువనే ఆపేయమని ఘాటుగా దావా రాశాను. చాలా బాగా వచ్చిందనుకున్నాను కూడా.

మేడం చదివి, “బాగుండాది పాపా. బాయి యాడుండాది?” అన్నారు.

“సర్వే నంబరు రాశాను మేడం.”

“నంబరు కాదమ్మా. నువ్వు సూసినావా?”

మరునాడు ముగ్గురం బస్సులో వెళ్ళాం. మేడం చెప్పులు విడిచి, కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, బావి మెట్లు దిగి నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. నన్నూ కూర్చోబెట్టారు. అప్పుడు మునెమ్మను అడిగారు. “నీకేం కావాలమ్మా? కాలవ వద్దా?”

“అయ్యో, కాలవ రానీ లాయరమ్మా. ఊరంతా ఎదురు సూస్తా ఉండాది. నా బాయి పూడ్సకుండా పోతే సాలు.”

నేను రాసింది ఒకటి, ఆమె కోరింది ఇంకొకటి. సిగ్గుతో దావా కాగితాలను సంచిలోకి ఇంకా లోపలికి తోశాను. మేడం నా వీపు తట్టి, “మళ్ళా రాస్తాంలే” అన్నారు.

కొత్త దావాలో బావిని కాపాడమని మాత్రమే అడిగాం. అసలక్కడ బావే లేదని సర్కారు లాయరు వాదించాడు. మేడం వాదన పెంచలేదు, ఎవరినైనా పంపి బావి ఉందో లేదో చూపించమని జడ్జిగారిని కోరారు. కోర్టు పంపిన కమిషనర్‌తో పాటు కాలువ ఇంజినీరు కూడా కాలువ దారి గీసిన నక్షా పట్టుకుని వచ్చాడు. మునెమ్మ మోటారు వేసింది. పైపులోంచి దూకిన నీళ్ళు నక్షానూ, ఆయన చొక్కానూ కలిపి తడిపేశాయి. అందరం బిగుసుకుపోయాం. ఆయనే ముందు నవ్వాడు. మునెమ్మ ఇచ్చిన తువ్వాలుతో మొహం తుడుచుకుని, తడి కాగితం గట్టు మీద పరిచి, “పక్కన సర్కారు బంజరు ఉండాది కదా. కాలవను ఆడికి జరిపితే సరిపోతాది” అన్నాడు.

తిరుగు బస్సులో, “ఆయన్ని ఇన్నాళ్ళూ శత్రువనుకున్నాను మేడం” అన్నాను.

“నీళ్ళు తెచ్చే మనిషి పాపా ఆయన. బాయి కనపళ్ళేదు, అంతే. సూపించడమే మన పని.”

కోర్టు ఆ మార్పును ఉత్తర్వులో రాసింది. కాలువ మునెమ్మ పొలం అంచున వంపు తిరిగింది. నీళ్ళు వదిలిన రోజు, ముందు దొర్లుతూ వచ్చే నురగతో పాటు మేడం గట్టు మీద చిన్నపిల్లలా నడిచారు, ఊరి ఆడవాళ్ళంతా వెనక.

మేడం పోయి కొన్నేళ్ళయింది. ఇప్పుడు నేను నాయుడుపేట వైపు ఒక పైపులైను కేసులో సర్కారు తరఫున ఉన్నాను. నేల ఇవ్వనంటున్న రైతు వేసిన దావాకు జవాబు రాయాలి. మొన్న ఆయన లాయరుకు ఫోన్ చేసి, ముందు ఆ నేల చూడాలని ఉందన్నాను. ఆయన ఆశ్చర్యపోయి, పక్కనే ఉన్న రైతుకే ఫోనిచ్చాడు. నేల చూడడానికి వస్తానని ఆయనకూ చెప్పాను.

“రాండమ్మా,” అన్నాడు రైతు. “ఇంతవరకూ ఎవురూ అడగలా.”

రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాను.