నువ్వొక్కదానివే మిగిలావు

ఆ కుట్టుపని షెడ్డులో ఆమెను అందరూ కాజాలక్క అనేవారు. చొక్కాకు గుండీ దూరే కన్నం ఉంటుందే, అదే కాజా. దాని అంచు చిరగకుండా చుట్టూ చేత్తో దారం అల్లడం ఆమె పని. మిగతా ఆడవాళ్లందరికీ కాలితో తొక్కే కుట్టుమిషన్లు ఉండేవి. కాజాలక్కకు ఉన్నదల్లా గుమ్మం పక్కన ఒక పీట, ఒక సూది, పనిలో తప్ప ఇంకెక్కడా వంచని తల.

వెనకాల ఆమెకు ఇంకో పేరుండేది. అడ్డుపుల్ల. ఆ సంగతి ఆమెకూ తెలుసు. "అననీండి. మునిగేవాళ్లకి పుల్లయినా ఆసరాయే" అనేసి మళ్లీ సూదిలో దారం ఎక్కించుకునేది.

కాదనడం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య. చిన్నప్పుడు బడిలో మాస్టారు లెక్క చెప్పి "అర్థమైందా?" అని అడిగితే తరగతంతా ఒక్క గొంతుతో "అయిందండీ" అని పాట పాడేది. పాట అయిపోయాక వెనక బెంచీలోంచి "నాకు కాలేదండీ" అని వినిపించేది. మాస్టారికి ఒళ్లు మండేది. పళ్లు నూరుకుంటూ రెండోసారి చెబుతుంటే, ఇందాక పాట పాడిన పిల్లలే ఒకరిమీద ఒకరు పడి రాసుకునేవాళ్లు. చివరికి మార్కులు వాళ్లకి, పొగరుబోతన్న పేరు ఈమెకి.

అత్తవారింట్లోనూ అంతే. మామగారు భోజనాల దగ్గర ఇంటి విషయాలు తేల్చేవారు. చెప్పాల్సింది చెప్పి, "ఏమంటారు?" అని అడిగి, ఎవరైనా నోట్లో ముద్ద మింగేలోగా "సరే అయితే" అనేసేవారు. కోడలు వచ్చిన కొత్తలో ఇల్లు మారే మాట వచ్చింది. "ఏమంటారు?" అన్నారాయన. "నేనొకటి అంటాను మామయ్యా" అంది కోడలు. గరిటె పట్టుకున్న అత్తగారి చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఇంతకూ ఆమె అడిగింది బ్రహ్మాండమైన ప్రశ్నేం కాదు. ఆ కొత్త ఇంట్లో మూడో అంతస్తుకి నీళ్లు ఎక్కుతాయో లేదో ఎవరైనా చూశారా అని. ఎవరూ చూడలేదు. మామగారు చాలాకాలం ఆమెతో మాట్లాడలేదు గానీ, ఇల్లు మాత్రం మారలేదు.

మొగుడు బస్సులు బాగుచేసే మెకానిక్, నోట్లో నాలుక లేని మనిషి. "నువ్వు కాదన్నాక నాక్కూడా కాదనాలనిపిస్తుందే" అనేవాడు. "అనకపోయావా మరి?" అంటే, "నువ్వు అనేశావుగా" అనేవాడు. అలాంటి మనిషితో ఎవరు మాత్రం పోట్లాడగలరు!

లోకం ఇలాంటి ఆడదాన్ని సులువుగా భరించదు. నలుగురితో పాటు నారాయణా అనేవాళ్లని అది ఒళ్లో కూర్చోబెట్టుకుంటుంది. నారాయణా అని ఎందుకంటున్నామని అడిగినవాళ్లని గుమ్మం పక్కన పీట మీద కూర్చోబెడుతుంది. నాకు ఈ లోకం మీద పెద్ద గౌరవం లేదు కాబట్టి ఆ పీట మీది మనిషి కథే చెబుతున్నాను.

ఆ షెడ్డుకి యజమాని అంటూ ఎవరూ లేరు. కుట్టేవాళ్లే సభ్యులు, సభ్యులే యజమానులు. పెద్దక్క అని అందరూ పిలిచే అధ్యక్షురాలు, కత్తెర పిన్ని అనే పెద్దావిడ, ఇద్దరూ కలిసి ఎప్పుడో రెండు పాత మిషన్లతో మొదలుపెట్టారు. ఏ నిర్ణయమైనా అందరూ కూర్చుని, చెయ్యెత్తి తీసుకోవాలన్నది వాళ్లు మొదట్లోనే పెట్టుకున్న నియమం. వినడానికి ఎంత బాగుందో చూడండి. జరిగేది వేరు. మీటింగుకి ముందు పెద్దక్క ఒక్కొక్కరినీ స్టవ్వు దగ్గరికి పిలిచి టీ పోసేది. ఆ టీ తాగి వచ్చిన మనిషి మీటింగులో చెయ్యెత్తేది. కాజాలక్కని మాత్రం టీకి ఎప్పుడూ పిలవలేదు. ఎలాగూ కాదంటుంది, పంచదార దండగ అనుకునేవారు కాబోలు.

ఇక కత్తెర పిన్ని. బట్టను పొరలు పొరలుగా బల్ల మీద పరిచి, పైన సుద్దతో గీత గీసి, అన్ని పొరలనూ ఒకేసారి కోసేది ఆమె. ఒక్క గీత తప్పితే ఒక్క చొక్కా కాదు, దొంతర దొంతరంతా పోతుంది. ఆమె చెయ్యి ఈమధ్య వణకడం మొదలుపెట్టింది. బడిపిల్లల చొక్కాల దొంతర ఒకటి మెడ దగ్గర తెగి పాడైంది. కొన్నాళ్లకి ఇంకొకటి. ఆర్డరు ఇచ్చిన కంపెనీవాళ్లు మొహం మాడ్చుకున్నారు. పిన్నికి ఇంటి దగ్గర ఎవరూ లేరు. పొద్దున్నే వచ్చి షెడ్డు తాళం తీస్తేనే ఆమెకు తెల్లవారినట్టు. ఆ మనిషిని సభ్యత్వం నుంచి తీసేసి ఇంటికి పంపాలా వద్దా అన్నది ఆ నెల మీటింగులో తేల్చాల్సిన విషయం.

ఆ రోజు మధ్యాహ్నం మిషన్లు ఆపి, స్టూళ్లు షెడ్డు మధ్యకు తిప్పుకుని అందరూ కూర్చున్నారు. పిన్ని తన బల్ల దగ్గరే, చేతులు ఒళ్లో దాచుకుని కూర్చుంది.

పెద్దక్క గొంతు సవరించుకుంది. "చెప్పేదేముంది, అందరికీ తెలిసిందే. పిన్ని మనందరికీ తల్లిలాంటిది. ఇక విశ్రాంతి తీసుకుంటే ఆమెకూ మంచిది, మనకూ మంచిది. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి."

ఒక చెయ్యి లేచింది. పక్క చెయ్యి లేచింది. అందరూ నేల చూపులు చూస్తూ ఎత్తారు. కాజాలక్క తన రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని చుట్టూ చూసింది. ఆ చూపు బల్ల దగ్గరికి వెళ్లి అక్కడే ఆగిపోయింది. కత్తెర పిన్ని కూడా చెయ్యెత్తింది. వణుకుతున్న చేతిని రెండో చేత్తో మోచెయ్యి దగ్గర పట్టుకుని మరీ ఎత్తింది.

"పిన్నీ! నువ్వెందుకు ఎత్తావు?" అని కాజాలక్క అరిచినంత పని చేసింది.

పిన్ని చెయ్యి దించి మళ్లీ ఒళ్లో దాచుకుంది.

"చూశావుగా, ఆమే ఒప్పుకుంది" అంది పెద్దక్క. "నువ్వెలాగూ ఎత్తవని తెలుసు. ఒక్కదానివి కాదన్నంత మాత్రాన ఆగదు. ఇక లేవండి, పనులున్నాయి."

ఆడవాళ్లు సగం సగం లేచారు. కాజాలక్కకు కోపం అరికాలి నుంచి నెత్తికెక్కింది. ఆమె లేచి వెళ్లి షెడ్డు తలుపుకి అడ్డంగా నిలబడింది.

"కూర్చోండి. నేనింకా లేవలేదు."

"ఏంటే ఈ గోల?" అంది పెద్దక్క.

"ఆమె చెయ్యి వణుకుతోంది, కాదనను. బట్ట పాడైంది, అదీ కాదనను. కానీ ఇందాక మీరెత్తిన చేతులు మీవేనా అని నా అనుమానం. చెయ్యెత్తితే అందరికీ కనబడుతుంది. కాలు ఎవరికీ కనబడదు. అందరూ మీ మీ మిషన్ల దగ్గర గోడవైపు తిరిగి కూర్చోండి. పెద్దక్కా, నువ్వు కూడా గోడవైపే తిరుగు. సూదిలో దారం తీసెయ్యండి. పిన్ని వెళ్లక్కర్లేదు అనుకున్నవాళ్లు మిషన్ తొక్కండి. వెళ్లాలి అనుకున్నవాళ్లు కాళ్లు కదపకండి. నాకెలాగూ మిషను లేదు, పిన్నికీ లేదు. వచ్చే చప్పుడు మీదే."

"చిన్నపిల్లల ఆటలా ఉంది" అని పెద్దక్క నవ్వింది.

"ఆడి చూడు. నీకేం భయం?"

భయం అన్న మాట పెద్దక్కకి తగలాల్సిన చోటే తగిలింది. కుర్చీ బరబరా లాగి గోడవైపు తిప్పుకుంది. "సరే, తొక్కండి చూద్దాం" అంది. ఆడవాళ్లు స్టూళ్లు లాక్కుని ఎవరి మిషను దగ్గర వాళ్లు గోడవైపు తిరిగి కూర్చున్నారు. కాజాలక్క కూడా తలుపు కేసి తిరిగి, చెక్కమీది గీతలు చూస్తూ నిలబడింది.

ఏ చప్పుడూ లేదు. ఎక్కడో ఒక మిషను రెండుసార్లు టక్కుటక్కుమని, తేలు కుట్టిన దొంగలా ఆగిపోయింది. కాజాలక్కకి జీవితంలో మొదటిసారి భయం వేసింది. వీళ్లకి నిజంగానే పిన్ని అక్కర్లేదేమో, ఇన్నాళ్లూ నేనే మూర్ఖంగా గోడకి తల కొట్టుకున్నానేమో అనిపించింది. కళ్లు మూసుకుంది.

ఇందాక ఆగిన మిషను మళ్లీ మొదలైంది. ఈసారి ఆగలేదు. దానికి ఇంకొకటి తోడైంది. ఇటు గోడ నుంచి ఒకటి, అటు నుంచి రెండు. ఆ తర్వాత ఏది ఎవరిదో చెప్పడం దేవుడి తరం కూడా కాదు. రేకుల కప్పు అదిరింది. బల్ల మీద కత్తెర గడగడలాడింది. "ఆపండి, ఆపండే!" అని పెద్దక్క అరుస్తుంటే నోరు కదలడమే గానీ మాట వినబడలేదు. ఆ మిషన్లను అంత బలంగా వాళ్లు ఏ ఆర్డరుకీ తొక్కలేదు. పిన్ని మొహాన్ని రెండు చేతుల్లో దాచుకుని ఏడ్చింది.

చప్పుడు సద్దుమణిగాక ఎవరూ ఇవతలికి తిరగలేదు, సిగ్గుపడి. కాజాలక్కే మాట కలిపింది.

"మరి ఇందాక చేతులెందుకెత్తారే?"

కాలర్లు కుట్టే ఆమె గోడకే చెప్పింది. "అందరూ ఒప్పుకున్నారు, నువ్వొక్కదానివే మిగిలావు అంది పెద్దక్క."

"అదేంటి? నాతోనూ అదే అంది" అని జేబులు కుట్టే ఆమె గిరుక్కున తిరిగింది.

"నాతో కూడా."

"నాతోనూ అదే అంది" అని పిన్ని కళ్లు తుడుచుకుంది. "అందరూ అనుకున్నాక నేనొక్కదాన్నీ అడ్డం ఎందుకని ఎత్తాను."

కాజాలక్క పెద్దక్క వైపు తిరిగింది. "అందరికంటే ముందు ఒప్పుకున్నదెవరు పెద్దక్కా?"

"ఎవరో ఒకరితో మొదలుపెట్టాలి కదే..."

"అంటే ముందు ఎవరికి టీ పోశావో, ఆమెకి కూడా అందరూ ఒప్పుకున్నారనే చెప్పావన్నమాట. అప్పటికి ఒక్కరు కూడా ఒప్పుకోలేదు."

పెద్దక్క మొహం కందగడ్డయింది. అయితే ఆమె కూడా మట్టిబొమ్మ కాదు. "నాకేమన్నా సరదానా? పిన్నితో కలిసి ఈ షెడ్డు పెట్టినదాన్ని నేను! ఆర్డరు పోతే రేపు అందరూ నా మొహమే చూస్తారు. టీ తాగేటప్పుడు ఒక్కరంటే ఒక్కరు కాదన్నారా? గుటకలేసి తాగారు, తల ఊపారు, వెళ్లారు. మీకు ఇష్టం లేదని నాకు కలొస్తుందా?"

ఆ మాటలో నిజం ఉంది. అందుకే అది అందరికీ గుచ్చుకుంది. తలలు మళ్లీ వంగాయి. కాజాలక్కది మాత్రం వంగలేదు.

"నన్ను పిలవలేదుగా టీకి?"

"పిలిస్తే కాదంటావుగా!"

"అందుకే పిలవాలి. అందరికంటే ముందు నన్నే పిలవాలి."

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దక్క నవ్వలేదు. "అంత తెలిసినదానివైతే రేపట్నుంచి నువ్వే నడుపు" అని కుర్చీలోంచి లేచింది.

"నాకొద్దు నీ కుర్చీ. ఆర్డర్లు తేవడం నాకు చేతకాదు, నీకే చేతనవును. అసలు అడగాల్సిన మనిషిని ఇంతవరకూ ఎవరమూ అడగలేదు, అదే నా బాధ." కాజాలక్క బల్ల దగ్గరికి వెళ్లింది. "పిన్నీ, అందరి సంగతీ అవతల పెట్టు. నీకేం కావాలి?"

పిన్ని కత్తెరను పక్కకు జరిపింది. "కొయ్యడం ఇక నా వల్ల కాదే" అంది మెల్లగా. "బట్ట మీద పెట్టేసరికి చెయ్యి నా మాట వినడంలేదు. సుద్దముక్క మాత్రం ఇంకా వింటోంది. గీత తప్పితే తుడిచి మళ్లీ గీసుకోవచ్చు కదా. నేను గీస్తాను, ఎవరైనా కోస్తే. నేనింట్లో కూర్చోలేను."

ఇంత చిన్న మాట కోసమా ఇంత గొడవ అనిపించింది అందరికీ. పెద్దక్క చటుక్కున కళ్లు ఒత్తుకుని, ఆ సందులోనే మళ్లీ అధ్యక్షురాలైపోయింది. "బాగుంది. పిన్ని గీస్తుంది, ఇంకొకరు కోస్తారు. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి."

చేతులు రయ్యిమని లేచాయి. ఈసారి మొహాలు కూడా లేచాయి. కాజాలక్క చేతులు మాత్రం చంకల్లోనే ఉన్నాయి.

"ఇదేం మొండితనమే!" అని కాలర్లు కుట్టే ఆమె నెత్తి కొట్టుకుంది. "నువ్వు అడిగిందేగా ఇది!"

"ఆ ఇంకొకరు ఎవరో చెప్పలేదు. నీ కాలర్లు పక్కన పెట్టి నువ్వు కోస్తావా? లేదు కదా. రేపు ఎవరూ రాకపోతే మళ్లీ ఈమె చేతికే కత్తెర ఇస్తారు, మళ్లీ ఒక దొంతర పోతుంది, మళ్లీ మనకి టీ పోస్తారు. అది తేలేదాకా నేనెత్తను."

"అందరూ ఎత్తారు, నువ్వొక్కదానివే..." అని పెద్దక్క నోరు జారబోయి, మాట మింగేసింది.

"ఒక్కతే కాదు" అంది కత్తెర పిన్ని.

అందరూ అటు తిరిగారు. పిన్ని రెండు చేతులూ బల్ల మీద బోర్లా పెట్టుకుంది. అవి వణుకుతూనే ఉన్నాయి. ఈసారి వాటిని ఆమె దాచుకోలేదు.

"నేనూ ఎత్తను. నా కత్తెర ఎవరి చేతికిస్తున్నారో ముందు నాకు చెప్పండి" అంది.

లేచిన చేతులు ఒక్కొక్కటే దిగాయి. పెద్దక్క తన కుర్చీ లాక్కుని బల్ల పక్కన కూర్చుంది.