బీదపిల్లల వరుసలో నా సొమ్ములు

బడుల తనిఖీ సాబు ఆత్మకూరు నుంచి టాంగాలో వస్తున్నాడని తెలిసిన పొద్దు మా వాడలో ఎవరికీ కాలు నిలవలేదు. నిజాం రోజులవి. బీద పిల్లలెవరో ఆయన తన కళ్లతో చూస్తాడట. చూసి ఫీజు మాఫీ చేస్తాడట, పలకా పుస్తకం సర్కారు ఖర్చుతో ఇప్పిస్తాడట! పంతులు ఆ మాట చెప్పగానే నేను ఎగిరి గంతేశాను. ఎగరనా మరి? మాఫీ అయితేనే బడి, లేకుంటే పల్లిచేలో కలుపు తీయడానికి రావాల్సిందేనని మా నాయన తేల్చి చెప్పేశాడు.

మా అమ్మ నా తలకు ఇంత ఆముదం పట్టించి జడ వేసింది. అంతటితో ఊరుకుంటేనా! సర్కారు మనిషి ముందు బిడ్డ బోసిగా నిలబడితే ఇంటి పరువేం కావాలని వాడంతా తిరిగింది. పక్కింటి ముసలవ్వ గజ్జెల కడియాలిచ్చింది. దుకాణం పెద్దమ్మ బంగారు గుండ్ల పేరు మెడలో వేసింది. ఎదురింటి కొత్త కోడలు తన కమ్మలే తీసి నా చెవులకు పెట్టింది.

"జర పైలం బిడ్డా, గుండ్లు తెగితె నా పాణం పోతది" అంటూ పెద్దమ్మ నా వెంటే బడిదాకా వచ్చింది. ఎవరి సొమ్ముకు వాళ్లే కాపలాగా మిగతా ఇద్దరూ వచ్చారు. ఆనాటి నా టెక్కు చూడాలి! గజ్జెలు ఊరంతా వినబడాలని కావాలనే దబదబా అడుగులేశాను.

బీదవాళ్లమని పంతులు మమ్మల్ని విడిగా వరుసలో నిలబెట్టాడు. సాబు ఒక్కొక్కరినీ చూస్తూ వచ్చి నా దగ్గర ఆగాడు.

"ఈ పిల్ల గరీబా? ఇంత వెండి, బంగారం పెట్టుకొని గరీబ్ ఎట్లైతది?"

అరువు సొమ్ములని చెబితే గుమ్మంలో ఉన్న మా అమ్మ తల ఎక్కడ పెట్టుకుంటుందోనని పంతులు నసిగాడు. సాబు నన్ను వరుసలోంచి పక్కకు జరగమన్నాడు. పల్లిచేను కళ్ల ముందుకొచ్చింది.

అంతే, మా అమ్మ లోపలికి దూసుకొచ్చింది. నా కాళ్ల దగ్గర కూర్చుని కడియాలు లాగింది.

"ఇవి ముసలవ్వయి సాబూ" అని ఎత్తి చూపించి అవ్వ చేతికిచ్చింది. "గీ గుండ్లు పెద్దమ్మయి. గీ కమ్మలు గా కోడలియి." ఎవరివి వాళ్లకు ఇచ్చేసి నా భుజం పట్టుకుని సాబు వైపు తిప్పింది.

"గివన్ని వాడోల్లయి. నాది గీ పిల్లొక్కతె. దీన్ని సదువుకోనియ్యి."

పస్తున్న నాడు కూడా కుండ మీద మూత పెట్టి 'తిన్నం' అని చెప్పే మనిషి, ఇంతమంది ముందు ఆ మాట అంది.

సాబు నన్ను చేయి పట్టి మళ్లీ వరుసలో నిలబెట్టాడు. మాఫీ అయింది! బడి దద్దరిల్లేలా కేక పెట్టాను. పెద్దమ్మ నన్నెత్తుకుని గిరగిరా తిప్పింది. నేను అమ్మ కోసం వెతికాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అప్పటికే వీధి మలుపు దాటుతోంది.

నేను చదువుకున్నన్నాళ్లూ ఆమె బడి ముందు నుంచి నడవలేదు. చేనుకు పోవాలన్నా ఊరు చుట్టి పోయేది.