ఫ్రీజర్ బాక్స్ కింద మా బొంత

నిన్న పొద్దున ఇడ్లీ పాత్ర స్టవ్ మీద పెట్టానో లేదో, తెనాలి నుంచి షమీమ్ ఫోన్.

"అక్కా... సలోమీ అక్క లేదక్కా."

లేకపోవడం ఏంటి అన్నాను.

మొన్న గురువారమే కదా, నా చేతిలో సూది లాక్కుని "కళ్ళజోడు మార్పించుకోవే, ఇది కుట్టా? చీమలు దారి తప్పినట్టుంది" అని నవ్వింది.

నిద్రలోనే గుండె ఆగిందట.

రేపల్లె స్టేషన్‌కి ఎలా వెళ్ళానో, ట్రైన్ ఎలా ఎక్కానో నాకు గుర్తు లేదు.

ఈ పోస్ట్ ఏడుస్తూ రాయాల్సింది. కానీ ఏడుపు కంటే ముందు అసహ్యం వస్తోంది. ప్రభువు నన్ను క్షమించాలి.

అక్క గురించి తెలియనివాళ్ళ కోసం కాస్త చెబుతాను.

మన వైపు మనిషి పోతే వాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచుకోరు. మూటగట్టి కాలవలో వేస్తారు, లేదంటే చెత్తబండికి ఇచ్చేస్తారు.

భర్త పోయినప్పుడు సలోమీ అక్క ఇవ్వలేదు. ఆయన లుంగీలు, చొక్కాలు కత్తిరించి బొంత కుట్టుకుంది. తర్వాత, తనలాగే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్న ఆడవాళ్ళని పిలవడం మొదలుపెట్టింది.

గురువారం మధ్యాహ్నం తెనాలిలో ఆమె వరండాలో చాప పడేది. రేపల్లె నుంచి నేను, బాపట్ల నుంచి సుజాత, పక్క వీధి నుంచి షమీమ్, ఇంకా చాలామంది. మేము ప్రార్థన చేసుకుని వెళ్ళేవాళ్ళం, షమీమ్ నమాజు చేసుకుని వచ్చేది. చాప మాత్రం ఒకటే.

మా ఆయన పోయాక ఆయన గళ్ళ చొక్కా పట్టుకుని మొదటిసారి వెళ్ళాను. కత్తెర చేతిలో ఉంది. చెయ్యి కదల్లేదు.

అక్క ఓదార్చలేదు. బైబిల్ వాక్యం చెప్పలేదు.

"కత్తెర పక్కన పెట్టు. ముందు గుండీలు ఊడదియ్యి" అంది.

ఒక్కో గుండీ ఊడుతుంటే ఒక్కో మాట బయటికొచ్చింది. ఆస్పత్రిలో ఆయన పెసరట్టు కావాలని మారాం చేసింది కూడా చెప్పాను.

పొట్ట దగ్గర గుండీకి దారం బాగా బిగుసుకుని ఉంది. "అన్న పెసరట్లన్నీ ఈ ఒక్క గుండీయే మోసిందా అక్కా?" అంది షమీమ్.

అందరం నవ్వాం. ఆయన పోయాక నేను నవ్వడం అదే మొదలు.

ఎవరి బొంత వాళ్ళదే. కానీ ఒక బొంత మాత్రం అందరిదీ. దాని మీద మొదటి ముక్క అక్క భర్త లుంగీది. తర్వాత మా ఆయన చొక్కా జేబు, షమీమ్ కూతురి స్కూల్ యూనిఫాం ముక్క, సుజాత వాళ్ళమ్మ చీర కొంగు... అలా పెరుగుతూ పోయింది.

ఒక మూల మాత్రం జానెడు ఖాళీ వదిలింది అక్క.

"అది నాది. నా వంతు వచ్చినప్పుడు నా చీర ముక్క మీరే కుట్టాలి. వంకర కుట్లు వేశారో, లేచొస్తా" అనేది.

ఇక నిన్నటి సంగతి.

గేటు దగ్గర ఫ్లెక్సీ. అందులో అక్క ఫొటో అరచేయంత. చేతులు జోడించిన ఆమె మరిదిగారి ఫొటో నిలువెత్తు. చర్చి సంఘంలో పెద్ద ఆయన. ఇన్నాళ్ళూ ఆ వరండా ముందు నుంచి వెళ్తూ "చచ్చినోళ్ళ బట్టలు ముందేసుకుని ఈ దరిద్రం ఏంటి వదినా" అని ముక్కు మూసుకున్న మనిషి.

లోపల ఫ్రీజర్ బాక్స్‌లో అక్క. బాక్స్ కింద నీళ్ళు కారుతున్నాయి. ఆ నీళ్ళు పీల్చుకోవడానికి ఏదో గుడ్డ వేశారు.

అది మా బొంత.

మా ఆయన జేబు మీద ఎవరిదో బురద చెప్పు అచ్చు. షమీమ్ కూతురి యూనిఫాం మీద తాగిపడేసిన టీ కప్పు.

ఇదేంటండీ అని అడిగితే, "నేల తుడుచుకునే పాత గుడ్డే కదమ్మా" అన్నారు మరిదిగారు. బూట్లతో దాని మీదే నిలబడి.

షమీమ్, సుజాత కూడా నా పక్కకి వచ్చారు.

ముగ్గురం దాన్ని లాగి, పెరట్లోకి తీసుకెళ్ళి పిండాం. మేం పిండుతుండగానే మైకులో ఆయన గొంతు. "మా వదిన సూదితో ఎన్నో పగిలిన హృదయాలను కుట్టింది..." వణికించి మరీ చెబుతున్నారు. ముందు ఎవరో ఫోన్‌లో లైవ్ పెడుతున్నారు.

మా చేతుల్లోంచి ఆ మురికినీళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి. ఛీ.

బొంత గోడ మీద ఆరేసి ముందుకు వస్తే, గేటు పక్కన మూట కనిపించింది. అక్క చీరలన్నీ. చెత్తబండి పాట సందు చివర వినిపిస్తోంది. ఆ మూట బండి ఎక్కితే ఆ జానెడు మూల ఇక ఎప్పటికీ ఖాళీయే.

మైకు దింపగానే వెళ్ళి అడిగాను. "ఒక్క చీర ఇప్పించండి."

"పోయినోళ్ళ బట్టలు ఇంటికి పట్టుకెళ్తారా? నలుగురూ చూస్తున్నారు, పరువు తీయకండమ్మా."

నాకు గట్టిగా మాట్లాడటం రాదు. మెల్లగానే అన్నాను. "ఆ నలుగురికీ ఇప్పుడే మైకులో చెప్పారు కదండీ, అక్క హృదయాలు కుట్టిందని. ఈ బట్టలతోనేనండి."

ఆయన ముఖం మాడిపోయింది. అంతలో ఫోన్ మా వైపు తిరిగింది.

"అయ్యో, తీసుకోండమ్మా, తీసుకోండి" అన్నారు, ఫోన్ వైపు చూసి నవ్వుతూ.

బూట్ల కంటే, మైకు కంటే, ఆ నవ్వు చూసి ఎక్కువ రోత పుట్టింది.

మూట విప్పాను. గురువారాలు కట్టుకునే నీలం వాయిల్ చీర పైనే ఉంది. కుట్టు ఆపినప్పుడల్లా సూదిని కొంగుకి గుచ్చుకునేది అక్క. సూది అక్కడే ఉంది, ఎక్కించిన దారంతో సహా.

సాయంత్రం భూస్థాపన అయింది.

ఈ గురువారం చాప మా ఇంట్లో, రేపల్లెలో. ఎవరైనా రావచ్చు. మరిదిగారూ, మీరైనా సరే. నిన్న మీరు బూట్లతో నిలబడింది మీ అన్నయ్య లుంగీ ముక్క మీద. ఉతికి ఉంచుతాను, వచ్చి చూసుకోండి.

వెళ్ళిరా అక్కా.

నీ సూదితోనే, నీ దారంతోనే కుడతాం. కళ్ళజోడు కూడా మార్పించుకుంటాను. నువ్వు లేచి రానక్కర్లేదు, ప్రభువు ఒడిలో హాయిగా పడుకో.