మా నాయనమ్మ లేచి నిలబడ్డ సభ

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్ దాటితే పట్నం అయిపోయినట్టే ఉండేది. ఇప్పుడు ఎల్బీనగర్ దాకా సందు లేకుండా ఇళ్లున్న చోట అప్పుడు జొన్నచేలూ బండలూ. నల్గొండ దిక్కు పల్లె నుంచి వచ్చి మేము కొత్తపేటలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. మా బాపు లారీ నడిపేవాడు, ఇంట్లో ఉండే రోజులు తక్కువ. ఇంటికి పెద్దదిక్కు మా నాయనమ్మ. ఇంట్లో సందడంతా మాత్రం మా చిన్నాయనది. బాపుకు తమ్ముడు, మా వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు.

అది మొదటిసారి తెలంగాణ ఉద్యమం లేచిన కాలం. చిన్నాయనకు కాలేజీలో పాఠం చెప్పే సారు ఒకాయన ఉండేవాడు. మన నీళ్లు ఎటు పోతున్నాయి, మన కొలువులు ఎవరికి పోతున్నాయి అని ఆయన విప్పి చెబుతుంటే పిల్లలు గంట కొట్టినా లేచేవాళ్లు కాదట. చిన్నాయన ఇంటికొచ్చి ఆ మాటలన్నీ నాయనమ్మకు అప్పజెప్పేవాడు. ఆమె బియ్యం ఏరుకుంటూ ఊ కొట్టేది. ఆ ఎండాకాలం ఒకరోజు ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపారు. చిన్నాయన ఇంటికి రాలేదు.

తర్వాత మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. కొన్నాళ్లకు నాయనమ్మ ఏడవడం కూడా మానేసింది. అదే నాకు ఎక్కువ భయం వేసేది. వానలు మొదలయ్యాక, ఆ సారు మా బడి ఆవరణలో మాట్లాడతాడని తెలిసింది. బాపు పోవద్దన్నాడు. ఆమె వినలేదు. పుట్టి బుద్ధెరిగి ఏ సభకూ పోని మనిషి, ఉతికిన చీర కట్టుకొని నా చెయ్యి పట్టుకొని బయల్దేరింది.

వాకిట్లో పక్కింటి అక్క ఎదురైంది. వాళ్లది గుంటూరు వైపు. భర్త ఏదో ఆఫీసులో గుమాస్తా. యాస బయటపడుతుందని ఆమె ఆ రోజుల్లో కూరగాయలు కూడా నోరు విప్పకుండా వేలు పెట్టి చూపించి కొనుక్కునేది. "పిన్నిగారూ, ఆయన మమ్మల్ని వెళ్లిపొమ్మంటాడేమో, కాస్త విని చెప్పండి" అంది. నాయనమ్మ తలూపింది.

చిన్నాయన మాటలు విని నేను ఆ సారును చాలా పొడుగు మనిషిగా ఊహించుకున్నాను. తీరా చూస్తే బక్కపలచగా, కళ్లద్దాలు జారిపోతూ, జలుబు చేసిన గొంతుతో ఉన్నాడు. కానీ మాట్లాడుతుంటే అంతమందిలో ఒక్క దగ్గు వినిపించలేదు. నాకు అర్థమైంది తక్కువే. అందరూ చప్పట్లు కొట్టినప్పుడల్లా నాయనమ్మను చూశాను. ఆమె చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

చివర్లో ఆయన చనిపోయిన పిల్లల పేర్లు చెప్పాడు. చిన్నాయన పేరు రాగానే నాయనమ్మ నా చెయ్యి నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది. వీళ్లంతా తెలంగాణ కోసం నవ్వుతూ ప్రాణాలిచ్చారు అన్నాడాయన. జనం జేజేలు కొట్టారు. ఆ అరుపుల మధ్యలో నాయనమ్మ లేచి నిలబడింది.

"సారూ, నా కొడుకు పానం ఇయ్యలే. గుంజుకున్నరు."

మొదటిసారి ఎవరికీ వినపడలేదు. మళ్లీ అంది. వెనక నుంచి ఎవరో "కూసో అవ్వా" అని కసిరారు. సారు చెయ్యెత్తి వాళ్లను ఆపాడు.

"నవ్వుకుంట ఇచ్చిండని నీకెవలు జెప్పిన్రు? పొద్దుగాల అంగీ ఇస్తిరి జేస్కొని పోయిండు. సావనీకి పోయేటోడు ఇస్తిరి జేస్కుంటడా? వాడు మంచిగ బతుకుదామనే పోయిండు. నలుగురికి గట్లనే జెప్పు."

ఆయన మైకు దగ్గర నుంచి పక్కకు జరిగాడు. తర్వాత స్టేజీ దిగి, ఆ బురదలోనే నడిచొచ్చి, ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. "నేనన్న మాట తప్పమ్మా" అన్నాడు. మళ్లీ పైకి పోలేదు. అక్కడే లేచి, మైకు లేకుండానే చెప్పాడు: "ఆ పిల్లలు బతుకుదామని ఒచ్చిన్రు. వాళ్లను సంపిన్రు." ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సభ పాడైందని గొణుక్కుంటూ కొందరు లేచి పోయారు.

నాయనమ్మ మనసు కుదుటపడిందేమో అనుకున్నాను. దారిలో అడిగితే, "మంచోడే బిడ్డా. మంచోడైతే మాత్రం మీ చిన్నాయన ఒస్తడా?" అంది.

పక్కింటి అక్క మేము పోయినప్పటి నుంచీ వాకిట్లోనే నిలబడి ఉన్నట్టుంది. "మీ మాటే రాలే. పోయి బువ్వ తిను" అని ఆమె భుజం తట్టింది నాయనమ్మ. అయినా దసరా రాకముందే వాళ్లు సామాన్లు సర్దుకొని వెళ్లిపోయారు. మెల్లగా ఉద్యమం చల్లారింది. జెండాలు పట్టిన పెద్దలు తలో దారి పట్టారు. ఆ సారు ఏ ఊరికి పోయాడో నాకు తెలియదు. నాయనమ్మ తెలంగాణను చూడకుండానే పోయింది.

ఎన్నో ఏళ్లకు మళ్లీ ఉద్యమం వచ్చింది. ఎల్బీనగర్ చౌరస్తా జనంతో నిండింది. ఈసారి పిల్లలు తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. వాళ్లూ బతకాలనుకున్న పిల్లలే. మైకుల్లో మాత్రం త్యాగం, అమరత్వం అని పెద్ద పెద్ద మాటలు మోగాయి. రాష్ట్రం వచ్చిన రోజు వీధిలో పటాకులు కాలుస్తుంటే నేను తలుపు దగ్గరకు వేసుకొని కూర్చున్నాను. సంతోషం లేక కాదు, నాయనమ్మ మాట గుర్తొచ్చి.

నా మనవలు ఆ పోయిన పిల్లల గురించి అడుగుతుంటారు. చెప్పబోయే ముందు, చనిపోయినవాళ్ల అమ్మ నా ఎదురుగా కూర్చొని వింటున్నదనుకుంటాను. అట్లా అనుకున్నాక నాకు చెప్పడానికి చాలా తక్కువ మాటలు మిగులుతాయి. ఆ కాసిన్నే చెబుతాను.