విశ్వనాథం పేరు కొట్టేసిన సంవత్సరం

కృష్ణకుమారి ఆంటీ ఒక మనిషిని ఓడించడం కోసం అమెరికా పౌరసత్వం వద్దనుకుంది. ఆవిడకి గ్రీన్ కార్డు వచ్చి పదకొండేళ్లు. ఆ కార్డు కోసం క్యూలో నిలబడే జుట్టు నెరుస్తున్న మాలాంటి హెచ్‌వన్ వీసా వాళ్లకి ఈ సంగతి వింటే ఒళ్లు మండుతుంది. నాకూ మండింది, కారణం తెలిసేదాకా.

ఆవిడది పసిఫిక్‌లో ఒక దీవి దేశం. ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి అక్కడి చెరకు తోటల్లో కూలికి వెళ్లాడు. ఆ దేశం పేరు మాత్రం రాయొద్దంది, చుట్టాలింకా అక్కడే ఉన్నారట. ఇక్కడ అమెరికాలో, డబ్లిన్‌లో, మా ఇంటికొచ్చి మా రెండేళ్ల అవనిని చూసుకుంటుంది. నేను పక్క గదిలో లాప్‌టాప్ ముందు ఉంటాను.

భర్త విశ్వనాథం అక్కడి ప్రభుత్వ ముద్రణాలయంలో ఫోర్‌మన్. ఒక ఏడాది పార్లమెంటులో చదవకముందే, అక్కడ అచ్చయ్యే బడ్జెట్ బయటికి పొక్కింది. ఆర్థికమంత్రి ఇంట్లోంచే పొక్కిందని ఊరంతా అనుకున్నారు. మంత్రి మాత్రం విశ్వనాథం పేరు చెప్పి చేతులు దులుపుకున్నాడు. సంజాయిషీ అడగలేదు, విచారణ జరపలేదు. నమ్మకద్రోహం చేసినందుకు తొలగించామని గెజిట్‌లో వేశారు. పాతికేళ్లు తన చేతుల మీదుగా అచ్చయిన గెజిట్ అది. ఏడాదిన్నరకే ఆయన గుండె ఆగిపోయింది.

పౌరసత్వం తీసుకుంటే అక్కడి ఓటు పోతుంది. అందుకే తీసుకోలేదు. మంత్రిది ఆంటీ ఊరి నియోజకవర్గమే. రెండుసార్లు పోస్టులో ఓటు పంపింది, రెండుసార్లూ వాడే గెలిచాడు.

పోయిన ఏడాది మళ్లీ ఎన్నికలు. ఇక్కడ సోమవారం మధ్యాహ్నం రెండున్నర అయితే అక్కడ మంగళవారం పొద్దున్న పార్లమెంటు సభ మొదలవుతుంది. ఆంటీ ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి, కూర తరుగుతూ లైవ్ వినేది. ఫిబ్రవరిలో రోడ్ల మీద చర్చ, మేలో నర్సుల సమ్మె, జూన్‌లో బడ్జెట్, ఏదీ వదల్లేదు. నేను మీటింగ్‌లో ఉండగా వంటింట్లోంచి "అబద్ధం" అని గట్టిగా వినిపించేది. నా మేనేజర్ ఒకసారి ఎవరని అడిగితే ప్రతిపక్షం అని చెప్పాను.

ఆగస్టులో కొత్త చట్టం తెచ్చారు. ఓటరు పేరు జనన పత్రంలో ఉన్నట్టే ఉండాలి. భర్త పేరు కలుపుకున్న ఆడవాళ్లు దాన్ని వదులుకుంటున్నామని సంతకం పెట్టాలి, లేకపోతే ఓటు లేదు. తమకి ఎదురు తిరిగే ఆడవాళ్లు ఎక్కువయ్యారనే ఈ పని చేశారని ఆంటీ అంది. మూడు రోజులు ఫోన్‌లో సభ లైవ్ పెట్టలేదు.

నాలుగో రోజు నా గదిలోకి వచ్చింది. "గెజిట్‌లో ఆయన పేరు చెడగొట్టారు. ఆ పేరుని నా పేరు పక్కన పెట్టుకుని ఇన్నాళ్లూ తలెత్తుకు తిరిగాను. ఇప్పుడు నా చేత్తోనే కొట్టెయ్యమంటున్నారు చంద్రికా."

నేను తెలివితక్కువగా, పోనీ ఆంటీ, ఒక్క ఓటే కదా అన్నాను. ఆవిడ చూసిన చూపుకి నాకు సిగ్గేసింది.

"నువ్వనుకుంటే సరేనమ్మా. వాడు అలా అనుకోకూడదు."

నోటరీ దగ్గరికి నేనే డ్రైవ్ చేశాను. సంతకం పెట్టేటప్పుడు ఆంటీ పెన్ను ఎంత గట్టిగా నొక్కిందంటే కాగితం చిరిగింది. ఇంకో కాగితం తీసుకుని మళ్లీ పెట్టింది. తిరిగొచ్చేటప్పుడు కార్లో భర్తకి క్షమాపణ చెప్పుకుంది, నేను వింటున్నానని కూడా పట్టించుకోకుండా. నవంబర్‌లో బ్యాలెట్ వచ్చింది. మా డైనింగ్ టేబుల్ మీద, నాకు కూడా కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని నింపింది.

డిసెంబర్‌లో వాడు ఓడిపోయాడు. పార్టీ ఓడిపోవడమే కాదు, సొంత నియోజకవర్గంలో తనే, రెండొందల పన్నెండు ఓట్ల తేడాతో. ఆంటీ కర్రపెండలం కొబ్బరిపాలలో ఉడికించి మాకు పెట్టింది. తను మాత్రం ముట్టలేదు. ఓడించింది ఎవరో వాడికి తెలిస్తేనే తింటానంది.

జనవరిలో అక్కడి రేడియోలో శ్రోతలు ఫోన్ చేసి మాట్లాడే కార్యక్రమానికి వాడొచ్చాడు. ఆంటీ మా వంటింట్లోంచే కాల్ చేసింది. నలభై నిమిషాలు లైన్లో ఉంచారు. పేరు అడిగితే కృష్ణకుమారి విశ్వనాథం అని చెప్పింది. నేను విశ్వనాథం భార్యని, నా ఓటు నీకు వ్యతిరేకంగా పడింది అంది. అంతా ఇంగ్లీషులోనే.

ఏ విశ్వనాథం అని అడిగాడు వాడు. ఆంటీ ముద్రణాలయం పేరు, బడ్జెట్ ఏడాది చెప్పింది. వాడు నిజంగానే గుర్తు లేదమ్మా అన్నాడు. ఆ రోజుల్లో విచారణా గిచారణా లేకుండా చాలామందిని పంపించేశాం, అందరి పేర్లూ ఎక్కడ గుర్తుంటాయి అని నవ్వాడు. లైన్ కట్ అయింది.

ఆంటీ ఏడుస్తుందనుకుని పక్కన కూర్చున్నాను. ఆవిడ కళ్లు పొడిగా ఉన్నాయి. రేడియో వాళ్ల పేజీ తెరిచి ఆ ముక్క డౌన్‌లోడ్ చేసిపెట్టమంది. రెండుసార్లు వింది. తర్వాత, అక్కడ ప్రభుత్వం మీద కేసులు గెలిచిన లాయర్ ఎవరో కనుక్కోమంది.

"విచారణ లేకుండా తీసేశామని దేశమంతా వినేలా వాడే చెప్పాడు," అంది. "వాణ్ణి కోర్టులో నిలబెడతాను. మా ఆయన ఎవరో అప్పుడు గుర్తొస్తుంది."